ఒక పెట్టె... వంద వాద్యాలు!

వయొలిన్లు కనిపించవు. వాయించేవాళ్లూ కనిపించరు. అయినా ఇరవై వయొలిన్లు ఒక్కసారిగా లేచి చెవుల్ని ముంచెత్తుతాయి. పెళ్లి రిసెప్షన్ నుంచి సినిమా పాట దాకా అన్నిచోట్లా వినిపించే ఆ మాయ పేరు కీబోర్డ్ వర్క్‌స్టేషన్. అసలు ఆ పెట్టెలో ఏముంది? ఆ శబ్దాలు ఎక్కడివి?

పెళ్లి రిసెప్షన్ జరుగుతోంది. వేదిక పక్కన ఇనుప స్టాండు, దానిమీద నల్లటి కీబోర్డు. పాడేవాళ్లు ఇద్దరు, వాయించేవాడు ఒక్కడే. పాట మొదలైంది. ముందు వేణువు వినిపించింది. వెనకాలే వయొలిన్లు. తబలా అందుకుంది. చరణం దగ్గర ఎక్కడినుంచో సితార్ పలికి మాయమైంది. ముందు వరుసలో కూర్చున్న ఆరేళ్ల పిల్లాడికి అనుమానం వచ్చింది. లేచి వేదిక వెనక్కి వెళ్లి చూసొచ్చాడు.

'అమ్మా, అక్కడెవరూ లేరు!'

నిజమే, ఎవరూ లేరు. ఉన్నదల్లా ఆ పెట్టె, దానిమీద ఆడుతున్న పది వేళ్లు. అలాంటి పెట్టెల్లో పెద్దన్న లాంటిదే వర్క్‌స్టేషన్. రకరకాల వాద్యాల శబ్దాలు, డ్రమ్స్, ఆ శబ్దాలకు మెరుగులు దిద్దే ఎఫెక్టులు, వాయించినదాన్ని గుర్తుపెట్టుకుని తిరిగి వినిపించే సీక్వెన్సర్... పాట కట్టడానికి కావాల్సిన సరంజామా అంతా ఒకేచోట ఉంటుంది. అందుకే ఆ పేరు. ఇవాళ మనకు మామూలైపోయిన ఈ సౌకర్యం వెనక పాతికేళ్ల శ్రమ ఉంది. కొందరి అన్నం పోయింది. కొందరికి కొత్త తలుపు తెరుచుకుంది.

గోడంత యంత్రం నుంచి...

అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో తయారుచేసిన సింథసైజర్ చూస్తే పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజి గుర్తొస్తుంది. బీరువా అంత పెట్టె, నిండా మీటలు, వాటి మధ్య పాముల్లా వేలాడే తీగలు. ఒక శబ్దం కావాలంటే ఆ తీగల్ని ఒక పద్ధతిలో కలపాలి. ఇంకో శబ్దం కావాలంటే అన్నీ పీకి మళ్లీ కలపాలి. పైగా ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది. వెండీ కార్లోస్ 1968లో బాఖ్ సంగీతాన్ని మూగ్ మీద వాయించి రికార్డు తెచ్చినప్పుడు ఒక్కో వరుసనూ విడివిడిగా రికార్డు చేసి ఒకదానిమీద ఒకటి పేర్చాల్సి వచ్చింది. 1970లో వచ్చిన మినీమూగ్‌ను చేత్తో మోసుకెళ్లగలిగారు. ఒకేసారి ఒక్క స్వరం అన్న ఇబ్బంది మాత్రం దానికీ తప్పలేదు.

విద్యుత్తుతో కొత్త శబ్దాన్ని పుట్టించడం ఒక దారి. ఉన్న శబ్దాన్నే పట్టుకొచ్చి వాడుకోవడం రెండో దారి. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు స్నేహితులు 1979లో తెచ్చిన ఫెయిర్‌లైట్ సీఎంఐ ఈ రెండో దారి తొక్కింది. మైకు ముందు కుక్క మొరిగితే చాలు, ఆ అరుపును సరిగమల్లో వాయించొచ్చు. దీన్నే శాంప్లింగ్ అన్నారు. ధర మాత్రం ఇల్లు కొనుక్కునేంత. దాంతో అది పేరున్న కళాకారుల స్టూడియోలు దాటి బయటికి రాలేదు.

సామాన్య వాయిద్యకారుడి చేతికి అందింది 1983లో వచ్చిన యమహా డీఎక్స్7. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతి దానికి ఆధారం. గంటలు, ఎలక్ట్రిక్ పియానో లాంటి మెరిసే శబ్దాలకు అది పెట్టింది పేరు. కానీ సొంతంగా కొత్త శబ్దం తయారుచేయబోతే చుక్కలు కనిపించేవి. చాలామంది కంపెనీ ఇచ్చిన టోన్లతోనే సరిపెట్టుకున్నారు. ఎనభైల్లో వచ్చిన ఎన్నో పాటల్లో ఒకే పియానో వినిపించడానికి కారణం అదే!

అదే ఏడాది ఇంకో గొప్ప పని జరిగింది. ఒకప్పుడు ఒక్కో సెల్‌ఫోనుకు ఒక్కో రకం చార్జర్ ఉండేది, గుర్తుందా? అప్పట్లో సింథసైజర్లదీ అదే బాధ. ఒక కంపెనీ వాద్యం మాట ఇంకో కంపెనీ వాద్యానికి అర్థమయ్యేది కాదు. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ స్థాపకుడు డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి పోటీ పక్కనపెట్టి అందరికీ ఒకే భాష ఉండాలన్నారు. 1983 జనవరిలో అమెరికాలోని సంగీత వాద్యాల ప్రదర్శనలో ఇద్దరి వాద్యాలనూ ఒక తీగతో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోదీ పలికింది. ఆ భాష పేరే మిడి. దానికోసం ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. 2013లో ఆ ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ పురస్కారం దక్కింది.

ఓ అంధ గాయకుడి కోరిక

మరి అసలైన పియానోలా పలికే ఎలక్ట్రానిక్ వాద్యం ఎలా వచ్చింది? దీని వెనక చక్కని కథ ఉంది.

అమెరికా శాస్త్రవేత్త రే కర్జ్‌వైల్ 1976లో అంధుల కోసం పుస్తకాలు చదివి వినిపించే యంత్రం తయారుచేశారు. దాన్ని మొదట కొన్నవారు ప్రఖ్యాత గాయకుడు స్టీవీ వండర్. ఆయన పుట్టు గుడ్డి కాకపోయినా పుట్టిన కొద్దిరోజులకే చూపు పోయింది. అలా ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1982లో తన కొత్త స్టూడియో చూపిస్తూ స్టీవీ తన మనసులోని కొరత చెప్పారు. పియానో, వయొలిన్ లాంటి వాద్యాలకు నిండైన నాదం ఉంది. కానీ వాటిని పొరలుగా పేర్చడం, మార్చడం కుదరదు. ఎలక్ట్రానిక్ వాద్యాలతో అవన్నీ కుదురుతాయి. కానీ నాదం పలచన. ఈ రెండింటినీ కలపలేమా అన్నది ఆయన ప్రశ్న. కర్జ్‌వైల్ అదే ఏడాది కంపెనీ పెట్టి, 1984లో కర్జ్‌వైల్ 250 తెచ్చారు. పియానోలా 88 కీస్, పియానోలాంటి బరువు, పియానో నాదం... అన్నీ ఉన్నాయి. ఖరీదే అందనంత!

నిమిషం జాగాలో వాద్యబృందం

ఈ విద్యలన్నింటినీ గుదిగుచ్చి అందుబాటు ధరలో ఇచ్చిన ఘనత జపాన్ కంపెనీ కోర్గ్‌ది. 1988లో వచ్చిన దాని ఎం1తోనే వర్క్‌స్టేషన్ అన్న మాట వాయిద్యకారుల నోళ్లలో నిలిచింది. 61 కీస్, 100 టోన్లు, వాటిని కలిపి చేసిన మరో 100 మిశ్రమాలు, డ్రమ్స్, ఎఫెక్టులు, 8 ట్రాకుల సీక్వెన్సర్ అందులో ఉన్నాయి. దాదాపు రెండున్నర లక్షలు అమ్ముడయ్యాయని అంచనా.

అన్నిటికన్నా ఆశ్చర్యం దాని జ్ఞాపకశక్తి. వాద్యాల శబ్దాలన్నీ దాచుకోవడానికి ఎం1లో ఉన్న జాగా నాలుగు మెగాబైట్లు. ఇవాళ ఫోన్లో ఒక్క ఎంపీ3 పాటకు పట్టేంత! శబ్దాన్ని సీడీ నాణ్యతతో దాచాలంటే సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకోవాలి. ఆ లెక్కన నాలుగు మెగాబైట్లలో పట్టేది యాభై సెకన్ల లోపే. పియానోలో అడుగు స్వరం ఒకటి నొక్కి పట్టుకుంటేనే పాతిక సెకన్లు మోగుతుంది. మరి అందులో పియానో, వయొలిన్లు, వేణువు, గిటారు, డ్రమ్స్ అన్నీ ఎలా ఇమిడాయి?

దీనికోసం ఇంజినీర్లు రెండు చిట్కాలు వాడారు. మొదటిది, ప్రతి కీకి విడిగా రికార్డు చేయకపోవడం. ఒక స్వరాన్ని పట్టుకుని దాన్నే కొంచెం వేగంగా తిప్పితే పక్క స్వరం, నెమ్మదిగా తిప్పితే కింది స్వరం వస్తుంది. మరీ సాగదీస్తే మనిషి గొంతు ఉడత గొంతులా మారుతుంది కాబట్టి నాలుగైదు కీస్‌కు ఒకటి చొప్పున రికార్డు చేసుకుంటారు. రెండోది లూప్. వయొలిన్ స్వరంలో మొదటి క్షణం దాటాక నాదం దాదాపు ఒకేలా సాగుతుంది. ఆ సాగే చోట చిన్న ముక్క పట్టుకుని, కీ మీద వేలు ఉన్నంతసేపూ దాన్నే చుట్టిచుట్టి వినిపిస్తారు. అతుకు తెలిసిందా, పని చెడింది. అందుకే ఆ అతుకు కుదిర్చేందుకు గంటల తరబడి కూర్చునేవారు.

శబ్దానికీ పుట్టుక, పెంపకం ఉంటాయి

ముక్క రికార్డు చేయడంతో పని అయిపోదు. అది పచ్చి సరుకు. దాన్ని వండి వార్చేవారే సౌండ్ డిజైనర్లు. వాళ్ల వంటలో ముఖ్యమైన దినుసులు మూడు.

ఒకటి ఎన్వలప్. అంటే, శబ్దం పుట్టి పెరిగి ముగిసే తీరు. గుడిగంట కొట్టగానే నాదం ఒక్కసారిగా శిఖరానికి వెళ్తుంది. తర్వాత నెమ్మదిగా తగ్గుతూ గాల్లో కలుస్తుంది. హార్మోనియం అలా కాదు. తిత్తి ఊదినంతసేపూ నిలకడగా ఉండి, మెట్టు మీద వేలు తీయగానే టక్కున ఆగుతుంది. ఈ తీరునే ఎటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అని నాలుగు భాగాలు చేశారు. నాలుగింటినీ మార్చుకోవచ్చు. పియానో టోన్ తీసుకుని ఎటాక్ బాగా పెంచితే ఆ 'ఠంగ్' మాయమై, ఎక్కడో దూరంగా పొగమంచులోంచి వచ్చినట్టు మెత్తటి నాదం తేలివస్తుంది. అది పియానో అని ఎవరూ పోల్చుకోలేరు!

దీన్నిబట్టి ఒక రహస్యం తెలుస్తుంది. మన చెవి వాద్యాన్ని గుర్తుపట్టేది ఎక్కువగా ఆ మొదటి క్షణంలోనే. వీణ తీగను మీటిన టక్కు, వేణువులోకి గాలి దూరేటప్పటి ఉఫ్, వయొలిన్ తీగ మీద కమాను పట్టు... ఇవి తీసేసి వింటే ఏది ఏ వాద్యమో తికమకే. రోలాండ్ కంపెనీ 1987లో తెచ్చిన డీ-50 కిటుకు అదే. మొదటి క్షణం వరకే నిజమైన వాద్యం రికార్డింగు వాడి, తర్వాతి నాదాన్ని యంత్రమే పుట్టించేలా చేశారు. ఖరీదైన జాగా ఆదా అయింది. శబ్దమూ నిండుగా వచ్చింది.

రెండోది ఫిల్టర్. పక్కింట్లో పెట్టిన పాట గోడ ఇవతలికి ఎలా వినిపిస్తుంది? డప్పు, బేస్ 'ధుమ్ ధుమ్' మంటాయి. తాళాల గలగల రాదు. తలుపు తీయగానే అన్నీ స్పష్టం. ఫిల్టర్ కూడా అలాంటి తలుపే. ఎంత తెరవాలో చెబితే అంత తెరుచుకుంటుంది. శబ్దం మొదలవుతుంటే తలుపు మెల్లగా తెరుచుకునేలా కూడా చేయొచ్చు.

మూడోది ఎఫెక్టులు. బావిలోకి తొంగిచూసి కేకేస్తే వచ్చే ప్రతిధ్వని, పెద్ద గుళ్లో పాడితే వచ్చే గంభీరత... వీటిని రివర్బ్, డిలే లాంటి పేర్లతో పెట్టెలోనే పెట్టారు. ఇరుకు గదిలో రికార్డు చేసిన వయొలిన్‌కు విశాలమైన హాలు దొరికేది ఇలాగే.

నిజమైన వాయిద్యకారుడు ఏ స్వరాన్నీ రెండుసార్లు ఒకేలా వాయించడు. డ్రమ్ము మీద మెత్తగా కొడితే ఒక నాదం, గట్టిగా కొడితే మరో నాదం. అందుకే తర్వాత్తర్వాత వచ్చిన వర్క్‌స్టేషన్లకు ఒకే స్వరాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా విడివిడిగా రికార్డు చేసి పొరలుగా పెట్టారు. వేలు ఎంత వేగంగా దిగిందో కీ కనిపెట్టి, దానికి తగ్గ పొరను పలికిస్తుంది. అంటే మనం 'అక్కడెవరూ లేరు' అనుకుంటాం గానీ, ఆ పెట్టెలో మనుషులు ఉన్నారు. స్టూడియోలో కూర్చుని ఒక్కో స్వరాన్నీ వాయించిన అజ్ఞాత వయొలినిస్టులు, డ్రమ్మర్లు ఉన్నారు. వాళ్ల చేతుల నుంచి తీసిన క్షణాలే మన వేళ్ల కింద పలుకుతున్నాయి.

వంట కాదు, వంటకం రాసిన కాగితం

వర్క్‌స్టేషన్‌కు ప్రాణం సీక్వెన్సర్. ఇది టేప్‌రికార్డర్ లాంటిదే అనుకుంటే పొరపాటు. టేప్ దాచేది శబ్దాన్ని. సీక్వెన్సర్ దాచేది సూచనల్ని. ఏ కీ, ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు... అంతే. ఒకటి వండిన కూర. రెండోది ఆ కూర ఎలా వండాలో రాసిన కాగితం.

కాగితం కాబట్టి తర్వాత దిద్దుకోవచ్చు. మొదట డ్రమ్స్ వాయించి ఒక ట్రాకులో పెడతారు. అది మోగుతుంటే బేస్ గిటారు, ఆ పైన తీగల వాద్యాలు, చివర్లో వేణువు. ఒక స్వరం తప్పితే పాటంతా మళ్లీ వాయించనక్కర్లేదు, దాన్నొక్కటే సరిచేస్తే చాలు. గాయని శ్రుతి ఒకటిన్నర అయితే ఆ మేరకు పాటంతా ఒక్క నొక్కుతో మారుతుంది. వేగం పెంచినా గొంతు కీచుగా మారదు. వేణువుతో వాయించిన బాణీని సన్నాయితో వినాలనిపిస్తే టోన్ మారిస్తే సరి. ఒకప్పుడు పాట ఎలా ఉంటుందో సంగీత దర్శకుడి ఊహలోనే ఉండేది. పాతికమందిని పిలిచి వాయిస్తే గానీ తెలిసేది కాదు. ఇప్పుడు అర్ధరాత్రి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా వినొచ్చు.

అన్నం పోయినవాళ్లు, దారి దొరికినవాళ్లు

ఇంత సుఖం ఊరికే రాలేదు. పాతికమంది చేసే పని ఒక్కడు చేస్తే మిగతా ఇరవైనలుగురి మాటేమిటి? ఈ ప్రశ్న ముందు పుట్టింది పడమటి దేశాల్లోనే. ఓ గాయకుడు తన కచేరీల్లో వాద్యబృందానికి బదులు సింథసైజర్లు వాడాడని 1982లో బ్రిటన్ సంగీతకారుల సంఘం సెంట్రల్ లండన్ శాఖ వాటిని నిషేధించాలంటూ తీర్మానం చేసింది. అది అమలు కాలేదు. ఆపితే ఆగే వరద కాదది.

మన సినిమా సంగీతంలోనూ అదే జరిగింది. మద్రాసు స్టూడియోల్లో పొద్దున తొమ్మిదికల్లా వయొలిన్ పెట్టెలతో వరసకట్టే వాద్యబృందాలు తొంభైల్లో పలచబడుతూ వచ్చాయి. మొదట తీగల వాద్యాలు తగ్గాయి. తర్వాత డ్రమ్స్. పిలుపు కోసం ఎదురుచూసి కొందరు పాఠాలు చెప్పుకున్నారు. కొందరు పిల్లలకు ఆ విద్యే వద్దనుకున్నారు.

రెండో వైపూ చూడాలి. సాలూరి రాజేశ్వరరావు, టి.వి.రాజు... నిండైన వాద్యబృందాలతో పాటలు కట్టిన తరం వాళ్లు. వాళ్ల అబ్బాయిలే కోటి, రాజ్. ఈ జంట ఎనభైల్లో తెలుగు సినిమాకు కొత్త ధ్వనిని తెచ్చినప్పుడు వాళ్ల బృందంలో కీబోర్డు వాయించిన కుర్రాడు దిలీప్. తొమ్మిదేళ్ల వయసులో, 1976లో తండ్రి ఆర్.కె.శేఖర్‌ను పోగొట్టుకున్నాడు. తండ్రి మిగిల్చిన వాద్యాలను అద్దెకు ఇచ్చి ఆ ఇల్లు గడిచింది. ఆ కుర్రాడే తర్వాత ఎ.ఆర్.రెహమాన్. తల్లి నగలు అమ్మి రికార్డింగ్ పరికరం కొనిచ్చారని ఆయనే చెప్పారు. 1989లో ఇంటి దగ్గరే పెట్టుకున్న స్టూడియో నుంచి 1992లో 'రోజా' వచ్చింది. పెద్ద స్టూడియో, పెద్ద బృందం, పెద్ద పెట్టుబడి లేకుండా కొత్త ధ్వనిని వెతికే అవకాశం ఒక కుర్రాడికి దక్కిందంటే అందులో ఈ పెట్టెల పాత్ర ఉంది. అలాగని ఆయన మనుషుల్ని వదిలేయలేదు. 1995 నాటి 'బొంబాయి' థీమ్‌లో మనసును మెలిపెట్టే ఆ వేణువు నవీన్‌కుమార్ ఊదిందే.

గమకం దగ్గర చిక్కు

అన్నీ పలికే ఈ పెట్టెకు మన సంగీతం దగ్గర మాత్రం ఓ చిక్కుంది. కీబోర్డు మెట్లున్న వాద్యం. ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి దూకుతుందే గానీ జారదు. కర్ణాటక సంగీతానికి ప్రాణం ఆ జారుడులోనే, గమకంలోనే ఉంది. పైగా ఈ మెట్ల శ్రుతులు పాశ్చాత్యుల సమానమైన కొలతలు. హార్మోనియానికీ ఇదే నింద. ఆ కారణంగానే ఆకాశవాణి దాన్ని 1940 నుంచి 1971 దాకా దూరం పెట్టింది.

అయితే వర్క్‌స్టేషన్‌కు హార్మోనియంలో లేని సౌకర్యం ఒకటుంది. ఎడమచేతి పక్కన చిన్న చక్రం ఉంటుంది, లేదా అటూ ఇటూ కదిలే పుల్ల. అదే పిచ్ బెండ్. కుడిచేత్తో స్వరం పట్టుకుని ఎడమచేత్తో ఆ చక్రాన్ని కదిపితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు సాధారణంగా రెండు అరస్వరాల మేరకే జారేలా పెడతారు. కావాలంటే పెంచుకోవచ్చు. పన్నెండు స్వరాలనూ విడివిడిగా శ్రుతి చేసుకునే సౌకర్యం కూడా చాలా వాటిలో ఉంది. చెన్నైకి చెందిన కె.సత్యనారాయణన్ ఈ చక్రంతోనే గమకాలు పలికిస్తూ కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేసి పేరు తెచ్చుకున్నారు.

ఉత్తరాదిన ఇంకో వింత జరిగింది. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో గిటారు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో మూడు రోలాండ్ యంత్రాలతో పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు చేశారు. అప్పుడు పట్టించుకున్నవారు లేరు. 2010లో మళ్లీ విడుదలైతే పాశ్చాత్యులు ముక్కున వేలేసుకున్నారు. తమ దేశాల్లో ఎనభైల చివర్లో వెర్రెత్తించిన నృత్య సంగీతానికి దగ్గరగా ఉన్నది అంతకుముందే బొంబాయిలో వినిపించిందా అని!

పరాయి వాద్యాన్ని మన దారికి తెచ్చుకోవడం మనకు కొత్తేం కాదు. వయొలిన్ అలాగే వచ్చింది. పాలకొల్లు కుర్రాడు యు.శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను తనకు కావాల్సినట్టు మార్చుకుని గమకాలు పలికించాడు. వాద్యం ఏదైనా కావచ్చు, చెవిలో రాగం ఉండాలి.

పెట్టె మారింది... పని మారలేదు

ఎం1 తర్వాత పోటీ మొదలైంది. కోర్గ్ ట్రిటాన్ 1999లో, యమహా మోటిఫ్, రోలాండ్ ఫాంటమ్ 2001లో వచ్చాయి. 2005లో కోర్గ్ ఒయాసిస్‌తో కంప్యూటరే కీబోర్డు వేషం వేసుకుంది. 2011 నాటి క్రోనోస్‌లో శబ్దాన్ని పుట్టించే పద్ధతులే తొమ్మిది. యమహా 2023లో మోంటాజ్ ఎం తెచ్చింది. ఈలోగా అసలు కంప్యూటర్లే ఆ పనంతా నేర్చేసుకున్నాయి. ఒకప్పటి ఎం1ను కోర్గ్ 2015లో ఐప్యాడ్ యాప్‌గా ఇచ్చింది!

అయినా వేదిక మీద పెట్టెకే పట్టం. కరెంటు పెట్టగానే సిద్ధమవుతుంది, పాట మధ్యలో మొరాయించదు, వేళ్లకు తెలిసిన చోటే మీటలుంటాయి. పెద్ద సినిమాలకు నిజమైన వయొలిన్ బృందాలనూ ఇప్పటికీ పిలుస్తున్నారు. పెట్టెలో బాణీ కట్టి, మనుషులతో వాయించడం ఇప్పుడు చాలామంది పద్ధతి.

పిల్లలకు కొనాలంటే...

దుకాణంలో వరసగా పేర్చిన కీబోర్డులన్నీ ఒకేలా కనిపిస్తాయి. కానీ తేడాలున్నాయి. ఎడమచేత్తో ఓ కార్డ్ పట్టుకోగానే డ్రమ్స్, బేస్, తాళం అన్నీ వాటంతటవే మోగేది అరేంజర్. పెళ్లిళ్లలో, భజనల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. పాటను మనమే పొరపొరగా కట్టుకోవాల్సింది వర్క్‌స్టేషన్. ఇది ఖరీదైనది. నేర్చుకునే పిల్లలకు అవసరం లేదు.

మొదటి కీబోర్డుకు చూడాల్సింది ఎన్ని వందల టోన్లు ఉన్నాయన్నది కాదు. కీస్ 61కి తగ్గకూడదు. వేలి ఒత్తిడికి తగ్గట్టు పలికే టచ్ ఉందో లేదో మెల్లగా, గట్టిగా కొట్టి చూడాలి. మన సంగీతం నేర్పించాలనుకుంటే పిచ్ బెండ్ చక్రం, శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ ఉండాలి. పెడల్ తగిలించే చోటు, హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు ఉంటే మంచిది. రెండోది ఇరుగుపొరుగుకూ మంచిది! తంబూరా, తబలా లాంటి మన వాద్యాలతో కంపెనీలు మనదేశం కోసమే చేసిన రకాలూ ఉన్నాయి. యమహా పీఎస్ఆర్-ఐ500 అలాంటిదే. పియానో నేర్పించాలంటే మాత్రం బరువైన 88 కీస్ ఉన్న డిజిటల్ పియానోనే మేలు.

ఇంకో మాట. అన్ని టోన్లూ ఒక్కరోజులో నొక్కి చూసిన పిల్లలకు వారానికే విసుగొస్తుంది. ఒక్క టోన్ మీద ఒక్క పాట సరిగ్గా నేర్చుకున్న పిల్లలు మర్నాడూ వచ్చి కూర్చుంటారు.

రిసెప్షన్ దగ్గర పాట అయిపోయింది. వేదిక వెనక వెతికొచ్చిన పిల్లాడు ఈసారి కీబోర్డు పక్కనే నిలబడ్డాడు. వాయించేవాడు నవ్వి, వేణువు టోన్ పెట్టి, 'నొక్కు' అన్నాడు. పిల్లాడు వేలితో నొక్కాడు. వేణువు పలికింది, కానీ కర్రలా నిలువుగా, బిగుసుకుని. 'మీరు వాయిస్తే ఇలా రాలేదే!' అన్నాడు. అతను పిల్లాడి ఎడమచెయ్యి పట్టుకుని పక్కనున్న చక్రం మీద పెట్టాడు. కొంచెం కదిపాడు. స్వరం వణికింది, జారింది, ఊపిరి పోసుకుంది.